తొట్టెలో సొర... తొందరెందుకు?

వేలెడంత చేప. వెండిలా మెరిసే ఒళ్లు. వీపుమీద నిక్కబొడుచుకున్న త్రికోణపు రెక్క. తోక ఒక్కసారి విదిల్చిందంటే తొట్టె ఈ చివర్నుంచి ఆ చివరికి! దుకాణదారు దాని పేరు చెప్పగానే పిల్లల కళ్లు ఇంతింతవుతాయి... 'షార్క్‌'! మరి, కొత్తగా అక్వేరియం పెట్టుకున్నవాళ్లు దాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చా?

ఆదివారం సాయంత్రం ఏ అక్వేరియం దుకాణానికి వెళ్లినా దాదాపు ఇదే దృశ్యం. పిల్లాడు గాజుకు ముక్కు ఆనించి నిలబడతాడు. గోల్డ్‌ఫిష్‌ వద్దంటాడు, గప్పీలు వద్దంటాడు. వాడి వేలు షార్క్‌ అని రాసున్న తొట్టెవైపే.

"ఏం తింటుంది?" అడుగుతాడు తండ్రి.

"మామూలు మేతే సార్‌. రోజూ నాలుగు గుళికలు వేస్తే చాలు."

"పెద్దదవుతుందా?"

"తొట్టెను బట్టి పెరుగుతుంది సార్‌. చిన్న తొట్టెలో వేస్తే చిన్నగానే ఉంటుంది."

ఆ ఒక్క మాటతో బేరం కుదిరిపోతుంది. ప్లాస్టిక్‌ సంచిలో గాలి నింపి, రబ్బరు బ్యాండు బిగించి చేతిలో పెడతారు. బండిమీద ముందు కూర్చున్న పిల్లాడు ఇంటిదాకా ఆ సంచిని గుండెకు హత్తుకునే ఉంటాడు. వీధిలో వాళ్లందరికీ చెప్పేస్తాడు, మా ఇంటికి షార్క్‌ వచ్చిందని.

చిక్కేమిటంటే... వచ్చింది షార్క్‌ కాదు. అది చిన్నగానూ ఉండదు.

పేరు గొప్ప...

మన దుకాణాల్లో షార్క్‌ పేరుతో కనిపించే చేపలు చాలావరకు సొరచేపలు కావు. సొరచేపలు దాదాపుగా సముద్రంలో బతికేవి. దుకాణాల్లోవి మంచినీటి చేపలు. వీపుమీద రెక్క కాస్త సొరను గుర్తుచేస్తుంది కాబట్టి వ్యాపారులు ఆ పేరు తగిలించారు. అసలు చుట్టరికం చూస్తే కొన్ని మన బొచ్చె, రాగండి కుటుంబానివి. మరికొన్ని జెల్లలు, వాలుగల తరహావి.

సిల్వర్‌ షార్క్‌నే చూడండి. దీన్నే బాలా షార్క్‌ అనీ అంటారు. సొంతూరు సుమత్రా, బోర్నియో దీవుల నదులు. వెండి ఒళ్లు, రెక్కల అంచుకు నల్లటి పట్టీ... చూడముచ్చటగా ఉంటుంది. కానీ పెరిగితే అడుగు దాటుతుంది. ఒంటరిగా ఉండలేదు, తోటివాళ్లు కావాలి. మూత లేకపోతే ఎగిరి నేలమీద పడుతుంది.

రెడ్‌టెయిల్‌ షార్క్‌ది మరో కథ. నల్లటి వెల్వెట్‌ లాంటి ఒంటికి ఎర్రటి తోక. పుట్టిల్లు థాయ్‌లాండ్‌. అక్కడి నదుల్లో ఇప్పుడు అంతరించిపోయే దశలో ఉంది. దుకాణాలకు వచ్చేవి చేపల ఫారాల్లో పెంచినవి. అయిదారు అంగుళాలకు మించి పెరగదు. కానీ కోపం జాస్తి. తొట్టెలో ఒక మూలను సొంతం చేసుకుని, అటు వచ్చినవాటినల్లా తరిమి తరిమి కొడుతుంది. రెయిన్‌బో షార్క్‌ దీనికి తోబుట్టువు లాంటిది. ఆకారంలోనే కాదు, గుణంలోనూ!

అసలు ఆశ్చర్యం మరో చేప విషయంలో ఉంది. ఒళ్లంతా నీలి మెరుపుతో గుంపుగా తిరిగే 'ఇరిడిసెంట్‌ షార్క్‌'. అన్నింటికన్నా చౌకగా దొరుకుతుంది. పిల్లలు ఎక్కువగా మనసు పడేదీ దీనిమీదే. దీని అసలు పేరు పంగాసియస్‌. కొల్లేరు చుట్టుపక్కల, కైకలూరు వైపు చెరువుల రైతును అడగండి... చూడగానే గుర్తుపట్టి నవ్వేస్తాడు. ఆయన భాషలో అది 'ఫంగస్‌' చేప!

అవును, చెరువుల్లో టన్నులకొద్దీ పెంచి లారీలకెత్తే ఆ చేపే ఇది. హోటళ్లలో 'బాసా' పేరుతో వడ్డించే ముల్లులేని ముక్క చాలాసార్లు దీనిదే. మెకాంగ్‌ నది నుంచి వచ్చిన ఈ జాతి, మేత బాగా పడితే ఏడాది తిరిగేసరికి కిలో దాటుతుంది. నదిలో స్వేచ్ఛగా పెరిగితే నాలుగడుగులు మించుతుంది. 40 కిలోలు దాటినవీ ఉన్నాయి. రైతు ఎకరాల చెరువులో పెంచే చేపను మనం హాల్లో టీవీ పక్కన రెండడుగుల గాజు పెట్టెలో పెడుతున్నామన్నమాట.

తొట్టెను బట్టి పెరుగుతుందా?

దుకాణదారు చెప్పిన మాట నిజమే అనిపిస్తుంది. చిన్న తొట్టెలో చేప చిన్నగానే ఉండిపోవడం చాలామంది చూసిందే. కానీ అది సర్దుకుపోవడం కాదు, గిడసబారిపోవడం. ఇరుకు నీటిలో చేప వదిలే వ్యర్థాలు పేరుకుపోతాయి. ఈదే చోటు ఉండదు. ఆ ఒత్తిడికి ఎదుగుదల కుంటుపడుతుంది. కొన్నింటికి వెన్ను వంకర తిరుగుతుంది. చివరికి ఆయుష్షు తీరకుండానే పోతాయి. కాలికి బిగుతు బూటు తొడిగితే పాదం పొందిగ్గా ఉందని మురిసిపోతామా?

పంగాసియస్‌కు మరో బలహీనత కూడా ఉంది. అది మహా పిరికిది. తలుపు ధడేలుమన్నా, లైటు చటుక్కున వెలిగినా బెదిరి పరుగందుకుంటుంది. చెరువులో అయితే దూరంగా పారిపోయేది. తొట్టెలో ఎటు వెళ్లినా గాజే. ముక్కు చితికిపోయి, కళ్లు దెబ్బతిని కనిపించే 'షార్కు'ల వెనక కథ ఇదే.

అసలు సొరచేపే తెస్తే?

పేరుకు షార్కులు సరే, నిజం సొరచేపనే పెంచుకుంటే? డబ్బుంటే అదీ అసాధ్యం కాదు. విదేశాల్లో పెద్ద పెద్ద సముద్రపు నీటి అక్వేరియాలు పెట్టుకునేవాళ్లు వెదురు సొరలు, ఎపాలెట్‌ సొరల వంటి చిన్న జాతులను పెంచుతుంటారు. ఇవి నీటి అడుగున ఇసుకలో పడుకునే రకాలు. ఊపిరి కోసం అదే పనిగా ఈదుతూ ఉండాల్సిన అవసరం లేదు కాబట్టి తొట్టెలో బతకగలవు. వెదురు సొరలు మన తీరంలోనూ ఉన్నాయి. అవి గుడ్లు పెడతాయి. తోలు సంచిలా ఉండే ఆ గుడ్డులో నాలుగైదు నెలలపాటు పిల్ల కదలడం కనిపిస్తుంది. అరడుగు పొడవుతో బయటికొస్తుంది. ఆ ముచ్చట చూసి ఎవరికైనా మనసు జారుతుంది.

చిక్కల్లా ఆ తర్వాతే. పెద్దయ్యాక ఆ 'చిన్న' సొర పొడవు మూడడుగులు! సరిగ్గా చూసుకుంటే పదేళ్లకు పైగా బతుకుతుంది. అంటే ఇవాళ అయిదో తరగతి పిల్లాడు అడిగాడని తెస్తే, వాడు ఇంజినీరింగ్‌కు వెళ్లిపోయాక కూడా దాని ఆలనాపాలనా అమ్మానాన్నలదే.

పైగా సొర ఒంటి తీరే వేరు. ఎముకలుండవు, అంతా మృదులాస్థి. మామూలు చేపల్లో ఉండే గాలితిత్తి ఉండదు. ముక్కు చుట్టూ ఉండే సన్నటి రంధ్రాలతో నీటిలోని అతి స్వల్ప విద్యుత్తునూ పసిగడుతుంది. ఇసుకలో దాక్కున్న పీతను కూడా అలాగే పట్టేస్తుంది. అదే శక్తి తొట్టెలో శాపమవుతుంది. పంపు నుంచి కాస్త కరెంటు లీకైనా దానికి నరకమే. మామూలు చేపల జబ్బులకు వాడే రాగి మందులు సొరకు విషం. నీటిలో అయోడిన్‌ తగ్గి నైట్రేట్లు పెరిగితే మనుషుల్లాగే దానికీ గొంతు దగ్గర గాయిటర్‌ వాపు వస్తుంది.

లెక్కేసి చూస్తే...

మూడడుగుల చేప ఇబ్బంది లేకుండా వెనక్కి తిరగాలంటే తొట్టె వెడల్పే నాలుగడుగులు ఉండాలి. పొడవు ఎనిమిది, ఎత్తు రెండడుగులు అనుకుందాం. అందులో పట్టే నీరు సుమారు 1,800 లీటర్లు. ఉప్పునీరు మంచినీటికన్నా కాస్త బరువు. గాజు, ఇసుక, రాళ్లు, స్టాండు కలుపుకుంటే మొత్తం రెండు టన్నుల పైమాటే.

మన దేశంలో ఇళ్ల శ్లాబులను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల చొప్పున బరువు మోసేలా లెక్కించి కడతారు. ఈ తొట్టె ఆక్రమించేది మూడు చదరపు మీటర్లు. అంటే 600 కిలోలు ఉండాల్సిన చోట 2,000 కిలోలు! అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఇది పెట్టాలనుకుంటే చేపల దుకాణానికన్నా ముందు ఇంజినీరు దగ్గరికి వెళ్లాలి.

ఇక నీళ్ల సంగతి. లీటరుకు 35 గ్రాముల చొప్పున ఉప్పు కలపాలి. వంటింటి ఉప్పు కాదు, అక్వేరియాల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన సముద్రపు లవణాల మిశ్రమం. తొలిసారి నింపడానికే 63 కిలోలు కావాలి. వారానికి పదోవంతు నీరు మార్చినా 180 లీటర్లు, ఆరు కిలోలకు పైగా ఉప్పు. ఏడాదికి మూడు క్వింటాళ్లు దాటిపోతుంది! బోరు నీళ్లు పనికిరావు, శుద్ధి చేసినవే పోయాలి. బయట ఎండ 42 డిగ్రీలు మండుతుంటే తొట్టెలో 25 డిగ్రీలు ఉంచడానికి చిల్లర్‌ కావాలి. వేసవి మధ్యాహ్నం కరెంటు పోతే పంపులు ఆగకుండా ఇన్వర్టర్‌ ఉండాలి. మేత గుళికలతో సరిపెట్టలేం... రొయ్యలు, పీతలు, సముద్రపు చేప ముక్కలు వేయాలి.

ఇంతా చేసి కాపలా కాసేది దేన్ని? పగలంతా ఇసుకలో పడుకుని, రాత్రయ్యాక లేచే చేపను!

ఉద్దండులకే తప్పలేదు

ఇళ్ల సంగతి పక్కనపెట్టి, కోట్లు గుమ్మరించే పెద్ద అక్వేరియాల సంగతి చూద్దాం. అమెరికాలోని మాంటెరే బే అక్వేరియంలో 2004 సెప్టెంబరులో ఓ తెల్ల సొర పిల్లను ప్రదర్శనకు ఉంచారు. దానికిచ్చిన తొట్టె సామాన్యమైంది కాదు... సుమారు 38 లక్షల లీటర్లది! అప్పటిదాకా ప్రపంచంలో ఎవరూ తెల్ల సొరను అన్ని రోజులు బతికించలేకపోయారు. ఇది 198 రోజులు ఉంది. జనం విరగబడి చూశారు. ఈలోగా అది కరవడంతో అదే తొట్టెలోని రెండు సొరలు చనిపోయాయి. 2005 మార్చిలో దాన్ని సముద్రంలో వదిలేశారు. 2011 వరకూ మొత్తం ఆరు పిల్లలను అలా తెచ్చి చూశారు. ఆఖరిదాన్ని సముద్రంలో వదిలిన కొద్దిసేపటికే చనిపోయింది. తర్వాత ఆ ప్రయత్నమే మానేశారు.

జపాన్‌లోని ఒకినావా చురౌమి అక్వేరియంలో 2016 జనవరిలో పెట్టిన తెల్ల సొరది ఇంకా చిన్న కథ. మూడు రోజులకే ప్రాణం విడిచింది.

వెదురు సొరకూ తెల్ల సొరకూ పోలిక లేదనొచ్చు, నిజమే. కానీ ఆ అక్వేరియాల్లో పశువైద్యులు, జీవశాస్త్రవేత్తలు, నీటి పరీక్షల నిపుణులు రాత్రింబవళ్లు పనిచేస్తారు. వాళ్లకే చేతకాని చోటుంటే, నిన్నగాక మొన్న తొట్టె కొన్నవాళ్లు ఎంత జాగ్రత్తగా అడుగెయ్యాలి?

తొలి పాఠం... నీళ్లే!

అలాగని చేపలు పెంచడమే తప్పని కాదు. కొత్తవాళ్లు నేర్చుకోవాల్సింది చేపను పెంచడంకన్నా ముందు నీటిని పెంచడం. చేప విసర్జించే వ్యర్థాల నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. తొట్టెలో కంటికి కనిపించని మంచి బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ సంగతి తెలియకే చాలామంది తొట్టె కొన్న రోజే చేపలనూ తెచ్చి వేస్తారు. వారం తిరక్కుండా ఒక్కొక్కటే తేలుతుంటే, 'మనకు చేపలు అచ్చిరావు' అనుకుని తొట్టెను అటకెక్కిస్తారు. నిజానికి పోయింది అచ్చిరాక కాదు, ఆగలేక!

మరో పొరపాటు, మురికి కనపడగానే నీళ్లన్నీ పారబోసి తళతళలాడేలా కడిగేయడం. దాంతో బ్యాక్టీరియా కూడా కొట్టుకుపోతుంది. వారానికి పావు వంతు నీరు మారిస్తే చాలు. కొళాయి నీటిలోని క్లోరిన్‌ విరగడానికి మందు చుక్కలు వేసి పోయాలి.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టెలో దాదాపు 50 లీటర్లు పడతాయి. మొదటి ఏడాదికి అది చాలు. గప్పీలు, ప్లాటీలు, చారల జీబ్రా డానియోలు... వీటిలో ఏవైనా ఆరేడు వేసుకుంటే ముచ్చటగా తిరుగుతాయి. చిన్నచిన్న తప్పులను తట్టుకుంటాయి. గప్పీలైతే పిల్లల కళ్లముందే పిల్లల్ని పెడతాయి. ఏడాదిపాటు వాటిని ఆరోగ్యంగా ఉంచగలిగితే, అప్పుడు నాలుగడుగుల తొట్టె కొని ఒకే ఒక్క రెయిన్‌బో షార్క్‌నో, రెడ్‌టెయిల్‌నో తెచ్చుకోవచ్చు. షార్క్‌ అన్న పేరుమీద మోజు దానితో తీరుతుంది. సిల్వర్‌ షార్క్‌, పంగాసియస్‌ మాత్రం ఇంటి తొట్టెకు తగినవి కావు.

పుణ్యమనుకుంటే పాపం

పెంచలేకపోతున్నామని తెలిశాక చాలామంది చేసే పని ఒకటుంది. చేపను బకెట్‌లో వేసుకుని దగ్గర్లోని చెరువులో వదిలేసి రావడం. చంపడంకన్నా మేలు కదా, స్వేచ్ఛనిచ్చాం కదా అని తృప్తి. కానీ ఆ దయ ఎంత చేటో తెలియాలంటే 'సక్కర్‌' చేప కథ వినాలి.

తొట్టె గోడలమీద పాచి తింటుంది, శుభ్రం చేస్తుందని చెప్పి అమ్మే చేప అది. దక్షిణ అమెరికా దాని పుట్టిల్లు. ఒళ్లంతా గట్టి పెంకులు, ముళ్ల రెక్కలు. తొట్టె పట్టనంత పెరిగాక వదిలేయడం వల్లనో, ఫారాల నుంచి తప్పించుకునో మన చెరువులు, కాలువల్లోకి చేరింది. ఇక్కడ దాన్ని తినే చేప లేదు. కొనే మనిషి లేడు. గట్లకు బొరియలు పెడుతుంది, మన చేపల మేత లాగేస్తుంది. వలలో పడితే ముళ్లతో వల చిరిగిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మత్స్యకారులు దాన్ని తిట్టుకుంటూ గట్టుమీద పడేస్తుంటారు. 'దెయ్యం చేప' అన్న పేరు ఊరికే రాలేదు! నీటిలో కలిసిన డీఎన్‌ఏ ఆనవాళ్లను బట్టి అది ఏ చెరువులో ఉందో కనిపెట్టే పద్ధతిని హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్‌ శాస్త్రవేత్తలు రూపొందించారంటే, సమస్య ఎంతదాకా వచ్చిందో ఊహించుకోవచ్చు.

అందుకే ఇప్పటికే ఇంట్లో 'షార్క్‌' పెరిగిపోయి ఉంటే చెరువు, కాలువ, నిమజ్జనం గుంట... ఎక్కడా వదలొద్దు. కొన్న దుకాణానికే తిరిగివ్వండి. డబ్బులు అడక్కపోతే చాలామంది తీసుకుంటారు. లేదంటే పెద్ద తొట్టెలున్నవారికి ఇవ్వండి.

కొనేముందు అడగాల్సినవి

* దీని అసలు పేరేమిటి? 'షార్క్‌' అన్నది జవాబు కాదు.
* పూర్తిగా పెరిగితే ఎంత పొడవుంటుంది? దానికి కనీసం నాలుగైదు రెట్ల పొడవైన తొట్టె పెట్టే చోటు మన ఇంట్లో ఉందా?
* ఎన్నేళ్లు బతుకుతుంది? అన్నేళ్లూ చూసుకునేదెవరు?
* ఒంటరిగా ఉండేదా, గుంపుగానా? ఇప్పుడున్న చేపలతో పడుతుందా?
* చట్టం ఒప్పుకొంటుందా? వేల్‌ షార్క్‌తోపాటు కొన్ని సొర జాతులకు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచీ రక్షణ ఉంది. వాటిని పట్టినా, అమ్మినా నేరమే.

కడలి బిడ్డ కడలికే

సొరచేప తెలుగువారికి కొత్తేమీ కాదు. పాలసొర కూర పెడితే బాలింతలకు పాలు పడతాయని కోస్తాలో ఓ నమ్మకం. వలలో సొర పడటం, రేవులో వేలం వేయడం మత్స్యకారులకు మామూలే. అదే మత్స్యకారులు 2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి తీరానికి కొట్టుకొచ్చిన భారీ వేల్‌ షార్క్‌ను చూసి కత్తులు తీయలేదు. అటవీశాఖ సిబ్బందితో కలిసి దాన్ని మళ్లీ లోతు నీటిలోకి పంపించారు. ఏ చేప ఎక్కడుండాలో వాళ్లకు తెలుసు.

దుకాణంలో గాజుకు ముక్కు ఆనించి నిలబడ్డ పిల్లాడికీ అది చెప్పొచ్చు. షార్క్‌ వద్దని కసిరితే ఏడుస్తాడు. అది పెద్దయ్యాక ఎంతవుతుందో చేతులు చాచి చూపించండి. మన తొట్టె ఎంతుందో కూడా చూపించండి. మిగతా లెక్క వాడే వేసుకుంటాడు. ఆరు గప్పీలున్న సంచిని గుండెకు హత్తుకుని బండెక్కుతాడు. నెల తిరిగేసరికి ఆరు కాస్తా ఇరవై అయితే... వీధిలో వాళ్లందరికీ చెప్పుకోవడానికి ఆ కబురు చాలదూ!